రష్యా పసి చక్రవర్తి పేరు ఏమని రాయాలి: ఆరవ ఇవానా, మూడవ ఇయోఆనా?

క్విజ్‌మేస్త్రి:

అందరికీ నమస్కారం. ఒక పంచాయితీ తీర్చాలి. మా కాలనీ క్విజ్‌లో "రెండు నెలల వయసులో రష్యా చక్రవర్తి అయిన బిడ్డ ఎవరు?" అని అడిగాను. నా కాగితంలో జవాబు "ఆరవ ఇవాన్". ఒక టీమ్ "మూడవ ఇయోఆన్" (ఇవాన్‌కే చర్చి భాష రూపం) అని రాసింది. సున్నా వేశాను. వాళ్లు వెంటనే 1741 నాటి వెండి రూబుల్ ఫోటో ఫోన్‌లో తీసి నా ముక్కు ముందు పెట్టారు. దాని మీద రోమన్ అంకెల్లో మూడే ఉంది. ఆరు ఎక్కడా లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిల్లాడు 1740 ఆగస్టు 23న పుట్టాడు. తల్లి అన్నా లియొపోల్దొవ్న, తండ్రి జర్మన్ రాకుమారుడు అంతోన్ ఉల్రిచ్. పిల్లలు లేని మహారాణి అన్నా ఇవానొవ్న ఈ బిడ్డను వారసుడిగా ప్రకటించి ఆ అక్టోబరులోనే కన్నుమూసింది. పదమూడు నెలలు గద్దె మీద ఉన్నాడు, అంటే ఉయ్యాల్లో ఉన్నాడు. 1741 డిసెంబరు 6 తెల్లవారకముందే పీటర్ ది గ్రేట్ కూతురు ఎలిజబెత్ సైనికులను వెంటేసుకొచ్చి దింపేసింది. మిగతా బతుకంతా నిర్బంధమే. 1764 జులైలో ష్లిస్సెల్‌బుర్గ్ కోటలో కాపలావాళ్లే పొడిచి చంపేశారు. (తేదీలు ఇప్పటి క్యాలెండరు ప్రకారం. అప్పటి రష్యా క్యాలెండరు 11 రోజులు వెనక.)

మార్కు ఇవ్వాలా, వద్దా? అసలు తెలుగులో ఈయన్ని ఏమని రాయాలి?

తాటిముంజ:

సగం మార్కు ఇచ్చి టీ తాగించండి. పాలపీక వయసులో రాజ్యమేలినవాడికి ఆరైతే ఏంటి, మూడైతే ఏంటి?

బిళ్లల_సంచి:

పూర్తి మార్కు ఇవ్వాలి. ఆ రూబుల్ కొనే స్తోమత నాకు లేదు గానీ, వేలం క్యాటలాగుల్లో ఫోటోలు పెద్దవి చేసుకుని చూస్తుంటాను. ఒకవైపు బుగ్గల పిల్లాడు, తల మీద ఆకుల దండ. చుట్టూ రాత: ఇయోఆన్, పక్కన మూడు, తర్వాత "బి", "ఎం" అని రెండు పొడి అక్షరాలు, ఆపైన "సర్వ రష్యా చక్రవర్తి, సర్వాధికారి" అని కుదించిన మాటలు. ఆ రెండు పొడి అక్షరాలకు అర్థం "దేవుని కృపచేత". ఇయోఆన్ అనే పేరుకు మూలం హీబ్రూ యోహానాన్, "యెహోవా కృప చూపాడు" అని. అంటే ఆ బిళ్ల మీద కృప రెండుసార్లు ఉంది. పిల్లాడికి ఒక్కసారి కూడా దక్కలేదనుకోండి.

టంకశాల రాజ్యానిదే, రాత రాజ్యానిదే. ఆయన బతికుండగా, ఆయన పేరు మీద, ఆయన ప్రభుత్వం వేయించిన అంకె మూడు. దాన్ని తప్పు అనడానికి మనమెవరం?

హిస్టరీ_పంతులు:

సంచి గారూ, మీ ఉత్సాహం బాగుంది. నేను మాత్రం మార్కు ఇవ్వను. కారణం చెబుతాను.

రష్యాలో పేరు పక్కన అంకె వేసే లెక్కలు రెండున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు లెక్క ప్రకారం జార్ అని పట్టాభిషేకం చేయించుకున్నవాళ్లనే ఎంచాలి. అలా మొదటివాడు 1547లో కిరీటం పెట్టుకున్న ఇవాన్ ది టెర్రిబుల్. రెండోవాడు 1682 నుంచి తమ్ముడు పీటర్‌తో కలిసి సింహాసనం మీద కూర్చున్న ఇవాన్ అలెక్సేయెవిచ్. మూడోవాడు మన పసివాడు. ఇంకో లెక్క మాస్కో రాజుల దగ్గర, ఇవాన్ కలితా దగ్గర మొదలవుతుంది. కలితా ఒకటి, ఆయన కొడుకు రెండు, 1480లో మంగోలు సైన్యాన్ని ఉగ్రా నది ఒడ్డున నిలబెట్టి, కప్పం బెడద వదిలించుకున్న ఇవాన్ మూడు, టెర్రిబుల్ నాలుగు, పీటర్ అన్న ఐదు, పసివాడు ఆరు. కరంజిన్ రాసిన చరిత్ర 1818 నుంచి అచ్చులోకి వచ్చాక ఈ రెండో లెక్కే నిలబడిపోయింది. తమాషా ఏంటంటే కరంజిన్ చరిత్ర ఈ పసివాడి రోమనోవు వంశం దాకా రానే లేదు, ఆయన పోవడంతో 1612 దగ్గర్లోనే ఆగింది. అయినా ఆయన ముందువాళ్లకు వేసిన అంకెల వల్ల వెనకవాళ్ల అంకెలు వాటంతటవే మారిపోయాయి.

ఇప్పుడు ఎవరైనా పిల్లవాడు "మూడవ ఇవాన్" అని వెతికితే వచ్చేది 1505లో పోయిన పెద్దాయన. ఇద్దరికీ మధ్య 235 ఏళ్లు. క్విజ్ జవాబంటే సందేహం తీర్చాలి గానీ, కొత్తది పెట్టకూడదు.

బిళ్లల_సంచి:

పంతులు గారూ, ఆ టీమ్ "మూడవ ఇవాన్" అనలేదు. "మూడవ ఇయోఆన్" అన్నారు. పెద్దాయనను ఇయోఆన్ అని మీరెక్కడైనా తెలుగులో చదివారా? సందేహానికి తావెక్కడ?

హిస్టరీ_పంతులు:

రష్యన్‌లో పెద్దాయనను కూడా ఇయోఆన్ అంటారు కదా. చర్చి భాషలో ఇయోఆన్, ఇంటి భాషలో ఇవాన్. ఒకటే పేరు, గుడిబట్టలు ఒకటి, ఇంటిబట్టలు ఒకటి.

తాటిముంజ:

ఇవాన్ అంటే మన యోహానేగా! తెలుగు బైబిలు ప్రకారం "ఆరవ యోహాను" అని రాసేస్తే ఇద్దరి గొడవా తీరుతుంది 😄

వొరోనెజ్_డాక్టరమ్మ:

నేను వొరోనెజ్‌లో ఎంబీబీఎస్ చదివాను. రష్యన్ నేర్చుకున్నది మార్కెట్లో బంగాళదుంపలు బేరమాడటానికి, అయినా ఇక్కడ పనికొస్తోంది. మీ ఇద్దరూ అంకె దగ్గర కొట్టుకుంటున్నారు. రష్యన్లు ఆయన గురించి మాట్లాడేటప్పుడు మామూలుగా వాడేది "ఇయోఆన్ అంతోనొవిచ్" లేదా "ఇవాన్ అంతోనొవిచ్". తండ్రి పేరు అంతోన్ కాబట్టి అంతోనొవిచ్. ఇవాన్ అనే పేరుతో ఎంతమంది రాజులున్నా అంతోన్ కొడుకు ఒక్కడే. బ్రాకెట్లో ఆరు వేసుకోండి, లేకపోతే మానేయండి.

"ఇవాన్" ఒక్కటే వాడితే ఆ మాటకు అక్కడ వేరే వాసన ఉంది. జానపద కథల్లో పెద్ద ఇటుక పొయ్యి పైఅరుగు మీద వెచ్చగా పడుకునే తెలివితక్కువ తమ్ముడు ఇవాన్, రాకుమారుడూ ఇవానే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు ఎదుటి రష్యన్ ఎవడైనా ఇవాన్ అనేవాళ్లు. ఇంకోటి, "చుట్టరికం గుర్తులేని ఇవాన్" అని ఒక నానుడి. సైబీరియా నుంచి పారిపోయిన ఖైదీలు పోలీసులకు దొరికితే పేరు ఇవాన్ అని, అమ్మానాన్నలు గుర్తులేరని చెప్పేవాళ్లట, అందులోంచి వచ్చింది. ఈ పిల్లాడి విషయంలో అది తిరగబడింది. ఆయనకు చుట్టరికం గుర్తుండకూడదని రాజ్యమే చూసింది.

వేంగి_వాసి:

డాక్టరమ్మ గారి మాట నాకు నచ్చింది. అంకెలు అంత పవిత్రమైనవేం కావు. మన వేంగి చాళుక్యులనే తీసుకోండి. శాసనాల్లో విజయాదిత్యుడు, విష్ణువర్ధనుడు అని అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి, పక్కన అంకె ఉండదు. గుణగ విజయాదిత్యుడిని "మూడవ విజయాదిత్యుడు" అన్నది తర్వాతి చరిత్రకారులు. కొల్లభిగండ విజయాదిత్యుడు ఏలింది ఆరు నెలలే, ఆయనకూ నాలుగు అని అంకె తగిలించాం. గుర్తుపట్టడానికి గుణగ, కొల్లభిగండ అన్న బిరుదులే బాగా పనికొస్తాయి. అంతోనొవిచ్ కూడా అలాంటిదే.

బిళ్లల_సంచి:

వాసి గారూ, అక్కడే తేడా ఉంది. మన శాసనాల్లో అంకె లేదు, మనం వేశాం, సరే. ఇక్కడ రాజ్యమే అంకె వేసింది. నాణెం మీదే కాదు. లొమొనోసొవ్ 1741లో స్వీడన్ మీద గెలుపుకి ఒక స్తోత్ర గీతం రాశాడు, దాని శీర్షికలోనే "మూడవ ఇయోఆన్ మహాప్రభువు మొదటి విజయచిహ్నాలు" అని వస్తుంది. ఆ మహాప్రభువుకు అప్పుడు ఏడాది వయసు! ఆ వయసులో యుద్ధం గెలిచిన చక్రవర్తిని వర్ణించాల్సి వచ్చిన కవి అవస్థ చూడండి. ఎలిజబెత్ రాగానే ఆ పద్యం నోరెత్తకుండా పోయింది.

తాటిముంజ:

ఇప్పుడు సీరియస్‌గా ఒకటి అడుగుతా. అసలు ఈ పిల్లాణ్ణి పాలకుల వరసలో ఎందుకు పెట్టాలి? మొదట మూడు వారాలు బీరోన్ రాజప్రతినిధి. ఆయన్ని మ్యూనిఖ్ అనే సేనాని ఒక రాత్రి మంచంలోంచి లాగి అరెస్టు చేయించాడు. తర్వాత తల్లి పేరు మీద నడిచింది, వెనక ఓస్తర్మాన్ లాంటి మంత్రులు. పిల్లాడు చేసిందేంటి? ఒక్క ఉత్తర్వు చదివాడా, ఒక్క సంతకం పెట్టాడా? వరసలోంచి తీసేస్తే ఆరూ లేదు, మూడూ లేదు.

హిస్టరీ_పంతులు:

ముంజ గారూ, మీరన్నదే ఎలిజబెత్ కూడా అంది. ఆమె ప్రభుత్వం ఆ పదమూడు నెలలను కాగితాల మీద ఏమని పిలిచిందో తెలుసా? "కూర్లాండ్ డ్యూకు, బ్రున్స్‌విక్ రాకుమారి అన్నల ఒకప్పటి పాలన" అని. కూర్లాండ్ డ్యూకు అంటే బీరోనే, ఆయన ఉన్నాడు, తల్లి ఉంది. చక్రవర్తి పేరు మాత్రం లేదు. అంటే మీరు సరదాకి అన్నది ఆమె చట్టంగా చేసింది.

వొరోనెజ్_డాక్టరమ్మ:

పంతులు గారు మొదలుపెట్టారు కాబట్టి మిగతాది నేను చెబుతాను. ఈ చర్చలో అసలు సంగతి ఇదే అని నా అభిప్రాయం.

ఎలిజబెత్ మనిషిని దింపి ఊరుకోలేదు, పేరు మీద పడింది. పిల్లాడి బొమ్మ ఉన్న నాణేలు వెనక్కి తెచ్చివ్వమని ఉత్తర్వు, వాటిని కరిగించి కొత్తవి పోశారు. ఆయనకు జనం విధేయత ప్రమాణం చేసిన కాగితాలు తగలబెట్టారు. కానీ పదమూడు నెలల్లో ఒక సామ్రాజ్యం నడవాలంటే ఎన్ని కాగితాలు పుడతాయి? భూముల పట్టాలు, తీర్పులు, ఉద్యోగాల ఉత్తర్వులు, అన్నిటి నెత్తినా ఆ పేరే. అన్నీ కాల్చేస్తే పాలన ఆగిపోతుంది. అందుకని ఆఫీసుల్లోంచి ఏరి మూటకట్టి, సీలు వేసి దాచారు. ఆ మూటలకు పెట్టిన పేరు చూడండి: "తెలిసిన బిరుదు గల ఫైళ్లు". తెలిసిన బిరుదు! ఎవరిదో గుమస్తాకు తెలుసు, పై అధికారికి తెలుసు, రాయడానికి మాత్రం వీల్లేదు. మన ఊళ్లో రాత్రిపూట పాము అనకుండా పురుగు అంటారే, అదే పద్ధతి.

ఆ మూటల్లోని కాగితాలు అచ్చయ్యింది 1880లలో, మాస్కోలోని న్యాయశాఖ పత్రాగారం వేసిన సంపుటాలుగా. వాటి పేరు "రష్యా రాజ్య అంతరంగ జీవనం, 1740 అక్టోబరు 17 నుంచి 1741 నవంబరు 25 వరకు". పాత క్యాలెండరు తేదీలు అవి. శీర్షికలో తేదీలున్నాయి, చక్రవర్తి పేరు అప్పుడు కూడా లేదు.

ఇక మనిషి సంగతి. 1744లో నాలుగేళ్ల పిల్లాణ్ణి అమ్మానాన్నల నుంచి విడదీసి ఉత్తరాన ఖొల్మొగోరికి తీసుకెళ్లిన అధికారికి ఇచ్చిన ఆదేశం: దారిలో పిల్లాణ్ణి గ్రిగోరి అని పిలవాలి. 1756లో ష్లిస్సెల్‌బుర్గ్‌కి మార్చాక ఆ పేరూ పోయింది, రికార్డుల్లో "పేరులేని ఖైదీ". ఇంత చేసినా తానెవరో ఆయనకు తెలుసనే కాపలా అధికారుల నివేదికలు చెబుతున్నాయి.

అందుకే ముంజ గారి మాటకు నేను ఒప్పుకోను. ఏమీ చేయని పసివాడి పేరంటే అంత టెన్షన్ పడ్డారంటే ఆ పేరుకు బలం ఉన్నట్టే.

తాటిముంజ:

గ్రిగోరి ఎందుకు? వేరే పేరే దొరకలేదా?

వేంగి_వాసి:

1605లో దొంగ ద్మీత్రి అని ఒకడు మాస్కో గద్దె ఎక్కాడు కదా, వాడి అసలు పేరు గ్రిగోరి ఒత్రేప్యెవ్ అని అప్పటి ప్రభుత్వం చాటింపు వేయించింది. ఆ పేరు తగిలిస్తే "నువ్వు దొంగ రాజువి" అని చెప్పినట్టు. ఇలా కొందరు అర్థం చెబుతారు.

హిస్టరీ_పంతులు:

అందంగా ఉంది, రుజువు లేదు. గ్రిగోరి అనేది ఊరూరా ఉన్న పేరు. ఎవరూ తల తిప్పి చూడని పేరు కావాలి, అది పెట్టారు. అంతకు మించి లాగకండి.

బిళ్లల_సంచి:

డాక్టరమ్మ గారూ, మీరు చెప్పిందంతా నా పక్షానికే బలం కదండీ? ఎలిజబెత్ కరిగించింది ఏ పేరుని? "మూడవ ఇయోఆన్"ని. తర్వాత చరిత్రకారులు "ఆరవ ఇవాన్" అన్నారు, మంచి మనసుతోనే అన్నారు. ఫలితం మాత్రం ఒకటే, ఆయన ప్రభుత్వం ఆయనకు ఇచ్చిన పేరు వాడుకలోంచి పోయింది. ఇంకోటి గమనించండి. ఇవాన్ అనే పేరే ఆ బిడ్డకు ఎందుకు పెట్టారు? తల్లి అన్నా లియొపోల్దొవ్నకు అమ్మమ్మగారి వైపు తాత ఎవరు? పీటర్ అన్న ఇవాన్ అలెక్సేయెవిచ్. అంటే...

హిస్టరీ_పంతులు:

ఆగండాగండి. అమ్మమ్మగారి వైపు తాత ఏంటి? అన్నా లియొపోల్దొవ్న తల్లి ఎకతెరీన ఇవానొవ్న. ఎకతెరీనకు తండ్రి ఇవాన్. అన్నాకు ఆయన తల్లి తండ్రి, సూటిగా తాతే. బిడ్డకు ముత్తాత. వరస సరిగ్గా చెప్పాలి, పెళ్లిచూపుల్లో అయితే లేచిపోయేవాళ్లు.

బిళ్లల_సంచి:

సరే, ముత్తాత. నా పాయింటు అక్కడే ఉంది. 1682లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే సింహాసనం మీద కూర్చున్నారు: ఇవాన్, పీటర్. తర్వాత రష్యాలో జరిగిన గద్దె గొడవల్లో సగం ఈ రెండు కొమ్మల మధ్యే. మహారాణి అన్నా ఇవానొవ్న ఇవాన్ కూతురు, ఎలిజబెత్ పీటర్ కూతురు. బిడ్డకు ఇవాన్ అని పెట్టడమంటే "ఇది మా కొమ్మ" అని జెండా పాతడం. అంకె మూడు అంటే ముత్తాత రెండు, నేను ఆయన వెంటే అని. ఆరు అనగానే ఆ వరస కలితా దాకా సాగి పల్చబడిపోతుంది. ముత్తాత, మునిమనవడు పక్కపక్కన ఉన్న సంగతి కనిపించదు.

హిస్టరీ_పంతులు:

పల్చబడటం ఏముంది? ఐదు పక్కన ఆరు రాదా? రెండు పక్కన మూడు ఎంత దగ్గరో ఐదు పక్కన ఆరూ అంతే దగ్గర.

ప్రూఫ్‌రీడర్:

హహ్హ, ఇది బాగుంది.

ఒక పత్రికలో అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి, నా గోడు వినండి. అంకె ఏదైనా నాకు అభ్యంతరం లేదు, ముందు పెట్టండి. "ఇవాన్ ఆరు" అని వస్తుంది ఈమధ్య, బస్సు నంబరులా. ఐదవ జార్జి, రెండవ నికొలస్, రెండవ పులకేశి అని మనకు చక్కటి అలవాటు ఉంది. రెండోది, "అంటోనోవిచ్" అని ట వత్తి రాస్తున్నారు. సోవియట్ పుస్తకాలు తెలుగు చేసినవాళ్లు రష్యన్ పేర్లకు త వాడేవాళ్లు. విశాలాంధ్ర షాపుల్లో కొన్న పాత ప్రగతి, రాదుగ పుస్తకాలు తిరగేయండి, తెలుస్తుంది. ఇవాన్ అన్న పేరు తెలుగువాళ్లకు అలవాటైంది కూడా ఆ పిల్లల కథల్లోంచే. అందుకని ఇయోఆన్ అని కొత్తగా మొదలుపెడితే చదివేవాడు అది వేరే మనిషి పేరు అనుకుంటాడు. నా ఓటు "ఆరవ ఇవాన్"కి. లోపల వ్యాసంలో ఒక్కసారి నాణెం సంగతి చెప్పండి, చాలు.

క్విజ్‌మేస్త్రి:

ఇంకో డౌటు. ఇంత తొక్కిపెట్టారు కదా, మరి ఆ పేరు వాడుకుని ఎవరూ తిరుగుబాటు చేయలేదా? మూడవ పీటర్ కూడా ఆరు నెలలే ఏలాడు, కానీ ఆయన పోయాక పుగచోవ్ అనే కొసాక్కు "నేనే మూడవ పీటర్‌ని" అని 1773లో పెద్ద యుద్ధమే చేశాడు.

వొరోనెజ్_డాక్టరమ్మ:

చేశారు. వసీలీ మిరోవిచ్ అని ఒక చిన్న సైనికాధికారి. 1764లో ష్లిస్సెల్‌బుర్గ్ కాపలాలో ఉండగా, లోపలున్నది ఎవరో తెలుసుకుని, ఆ పేరు మీద ప్రకటన పత్రాలు ముందే రాసి పెట్టుకున్నాడు. రాత్రి కొంతమంది సైనికులను కూడగట్టి లోపలికి దూసుకెళ్లాడు. కానీ లోపలి కాపలా ఇద్దరికీ, వ్లాస్యెవ్, చేకిన్ వాళ్ల పేర్లు, ఖైదీని ప్రాణాలతో ఎవరికీ అప్పగించొద్దని ముందునుంచే ఆదేశం ఉంది. మిరోవిచ్ గదిలోకి వచ్చేసరికి శవం ఉంది. అప్పుడు గద్దె మీద ఉన్నది కాథరిన్. ఆ సెప్టెంబరులో మిరోవిచ్ తల నరికించారు. ఖైదీని కోటలోనే ఎక్కడో పాతిపెట్టారు.

పుగచోవ్‌తో తేడా చూడండి. మూడవ పీటర్‌ని పెద్దవాడిగా జనం చూశారు, ఉత్తర్వులు విన్నారు. ఇవాన్‌ని చూసిందెవరు? ఆ పేరు చెప్పుకుని ఊళ్లోకి వస్తే పోల్చుకోవడానికి ఎవరికీ ముఖం తెలియదు.

తాటిముంజ:

ముఖం తెలియకపోతే దొంగవేషానికి ఇంకా సులువు కదా డాక్టరమ్మ గారూ?

వొరోనెజ్_డాక్టరమ్మ:

వేషం వేయడం సులువే. నమ్మించడం కష్టం. "ఇరవై నాలుగేళ్లు నేను ఎక్కడున్నానో మీకు తెలుసు" అని చెప్పలేడు కదా, ఎవరికీ తెలియదు.

ప్రూఫ్‌రీడర్:

ఆ తర్వాత రాజవంశంలో ఇవాన్ అనే పేరే మానేశారని ఎక్కడో చదివాను. అపశకునం అనుకున్నారేమో.

హిస్టరీ_పంతులు:

గద్దె మీదకు మళ్లీ ఇవాన్ రాలేదు, అంతవరకు నిజం. వంశంలో పూర్తిగా పోలేదు. 1886లో పుట్టిన ఇయోఆన్ కాన్స్తంతీనొవిచ్ అని ఒక రాకుమారుడు ఉన్నాడు, మొదటి నికొలస్ మునిమనవడు. 1918 జులైలో అలపాయెవ్‌స్క్ దగ్గర చంపేశారు. మీరన్నట్టు అపశకునం అనుకునేవాళ్లకు అదీ దొరుకుతుంది, నేను మాత్రం అనను. ఆ నెలలో ఆ వంశంలో వేరే పేర్లు పెట్టుకున్నవాళ్లను కూడా చాలామందిని చంపేశారు.

వేంగి_వాసి:

పేర్ల సంగతే కాబట్టి ఇంకోటి. ఈ పిల్లాడికి తమ్ముళ్లు చెల్లెళ్లు నలుగురు. పెద్దచెల్లి ఎకతెరీన గద్దె పోకముందే పుట్టింది. మిగతా ముగ్గురూ నిర్బంధంలోనే పుట్టారు: ఎలిజబెత్, పీటర్, అలెక్సేయ్. తల్లి 1746లో ఆఖరి కాన్పు తర్వాత ఖొల్మొగోరిలోనే పోయింది. తమను జైల్లో పెట్టినామె పేరే బిడ్డకు పెట్టారు, ఆమె తండ్రి పేరు ఇంకో బిడ్డకు. ఇది లొంగుబాటు కాదా? "మా కొమ్మ అయిపోయింది, మీదే గెలుపు" అని చెప్పడమే.

బిళ్లల_సంచి:

వాసి గారూ, అన్నా లియొపోల్దొవ్న పుట్టినప్పటి పేరు చూశారా? ఎలిజబెత్ కాథరిన్ క్రిస్టీన్. 1733లో రష్యన్ చర్చిలో కలిసినప్పుడు అన్నా అయింది. ఇద్దరు ఆడపిల్లలకూ తన పాత పేర్లే పెట్టుకుంది: ఎకతెరీన, ఎలిజబెత్. ఎలిజబెత్ మహారాణిని పొగడటానికి అనుకున్నది తల్లి సొంత పేరు.

వేంగి_వాసి:

ఆడపిల్లల వరకు ఒప్పుకుంటాను. పీటర్ మాటేంటి మరి?